హలో అనని మైకు

అనకాపల్లిలో మైకు చేతికొచ్చిన మనిషి మొదట దాని నెత్తి మీద వేలితో రెండు దెబ్బలు వేస్తాడు. ఆ తరవాత హలో అంటాడు. హలో బాగా వినబడితే మైకు మంచిది. వినబడకపోతే మైకు చెడ్డది. రెండోసారీ వినబడకపోతే మైకువాడు చెడ్డవాడు. ముప్పై ఏళ్లుగా ఈ శాస్త్రం మైకుసెట్టు దేముడు వింటూనే ఉన్నాడు. పెళ్లి పందిళ్లలో విన్నాడు, పార్టీ మీటింగుల్లో విన్నాడు, భజన గుళ్లలో విన్నాడు. ఒక్కరికీ ఎదురు చెప్పలేదు. లోపల మాత్రం ఒక్కొక్కరి హలోకి ఒక్కొక్క మార్కు వేసి దాచుకున్నాడు. నూటికి ముప్పై అయిదు దాటినవాళ్లు బహు తక్కువ.

దేముడిది మునగపాక పక్కన పల్లె. ఏడో తరగతితో బడి మానేసి మేనమామ మైకుసెట్టు వెంట తిరిగాడు. వెదురు గెడకి గొట్టాలు కట్టే రోజుల నుంచి, వ్యాను మీద పెట్టెలు పేర్చే రోజుల దాకా ఆ పనే. మనిషి సన్నం, మాట తక్కువ. ఏ వీధిలో పని ఒప్పుకున్నా ముందురోజు ఆ వీధంతా ఒకసారి నడిచి వస్తాడు. ఎవరింట బాలింత ఉంది, ఎవరు మంచాన పడ్డారు, ఎవరి పిల్లకి పరీక్షలు అని గుమ్మం గుమ్మం దగ్గరా కనుక్కుంటాడు. ఆ ఇళ్ల వైపు స్పీకరు తిప్పడు. చెయ్యమని ఎవరూ చెప్పలేదు, చేస్తున్నాడని ఎవరూ గమనించలేదు. అమ్మవారు గమనించి ఉంటుంది.

అంత నెమ్మదైన మనిషికి హలో అన్న మాట మీద మాత్రం అంత ఏవగింపు ఎందుకు ముదిరిందో చెప్పాలంటే, బంగారయ్య పెద్ద డ్రమ్ము దగ్గర మొదలుపెట్టాలి.

బెల్లం మార్కెట్ వెనక వీధిలో ముత్యాలమ్మ గుడి ఉంది. ఏడాదికోసారి సంబరం. ఊరేగింపులో ముందు అమ్మవారి పల్లకి, దాని వెనక బ్యాండు, అన్నిటికీ వెనక ఘటాలు. నలభై మంది ఆడవాళ్లు పసుపునీళ్ల ఘటాలు నెత్తిన పెట్టుకుని నడుస్తారు. చేత్తో పట్టుకోకూడదు, అది మొక్కు. మరి ఇరుకు సందుల్లో నలభై ఘటాలు ఒకదానికొకటి తగలకుండా ఎలా సాగుతాయి అంటే, పెద్ద డ్రమ్ము దెబ్బ మీద. ఒక దెబ్బకి కుడి అడుగు, ఒక దెబ్బకి ఎడమ అడుగు. క్లారినెట్టు ఏ పాటైనా వాయించుకోవచ్చు. ఆడవాళ్లు వినేది డ్రమ్మునే.

ఆ డ్రమ్ము వాయించేది బంగారయ్య. తండ్రి తరవాత ఇరవై ఆరేళ్లుగా అతనే. మిగతా రోజుల్లో మార్కెట్లో బెల్లం దిమ్మలు దింపుతాడు, ఎక్కిస్తాడు. అక్కడ అందరికీ అతను ఒరే బంగారీ. సంబరం నాడు మాత్రం అవే నోళ్లు బంగారయ్య గారూ అంటాయి, కాస్త మజ్జిగ పుచ్చుకోండి అంటాయి. ఏడాదంతా ఒరే అన్న మాట మోయడానికి ఆ ఒక్కరోజు గారు అతనికి సరిపోయేది.

రెండేళ్ల కిందట దిమ్మలు దింపుతుంటే కుడి భుజం పట్టేసింది. చెయ్యి చెవి దాకా లేవదు. దెబ్బ సరిగ్గా వేళకి పడుతుంది గాని మెల్లిగా పడుతుంది. నిరుడు ఆ దెబ్బ వెనకదాకా వెళ్లలేదు. మలుపు దగ్గర రెండు ఘటాలు తగిలి నీళ్లు ఒలికిపోయాయి. ఆడవాళ్లు ఏమీ అనలేదు, తడిసిన కొంగులు పిండుకుని నడిచారు. అన్నది కమిటీ. ఈ ఏడు డ్రమ్ముకి మైకు పెట్టాలనీ, అప్పటికీ ఆఖరి ఘటం దాకా వినబడకపోతే డ్రమ్ముని గుడి దూలానికి వేలాడదీసి, కరెంటు మీద వాయించే పేడ్ వాణ్ణి విశాఖపట్నం నుంచి తెప్పించాలనీ తీర్మానించింది.

మైకు పని దేముడి మీద పడింది. విశాఖపట్నంలో ఆర్కెస్ట్రా మానేస్తున్న ఒకాయన దగ్గర డ్రమ్ముకని చేసిన పాత మైకు ఉందని తెలిసి వెళ్లి తెచ్చుకున్నాడు. నల్లగా, బరువుగా, గుత్తివంకాయ అంత ఉంది. ఇంటికి రాగానే వైరు తగిలించి, ముప్పై ఏళ్లుగా లోకాన్ని వెక్కిరించుకున్న ఆ మనిషే, దాన్ని నోటి దగ్గర పెట్టుకుని హలో అన్నాడు. గాదెలోంచి ఎవరో మూలిగినట్టు వచ్చింది. మళ్లీ అన్నాడు. మళ్లీ గాదే. మోసపోయాననుకుని దాన్ని తువ్వాలులో మూట కడుతుండగా బంగారయ్య వచ్చాడు.

"ఏటి బావా, మూట కట్టేత్తన్నావు?"

"ఎనక్కిచ్చేత్తాను. హలో అంటే నూతిలోంచి పిలిసినట్టుంది."

బంగారయ్య గుమ్మంలో కూర్చుని, కాసేపు ఆ నల్లదాన్ని చూశాడు.

"నా డ్రమ్ము ఎప్పుడైనా హలో అందేటి బావా?"

దేముడు మూట విప్పాడు. మైకుతో పాటు ఒక స్పీకరు పెట్టె పట్టుకుని ఇద్దరూ కలిసి బంగారయ్య ఇంటికి వెళ్లారు. డ్రమ్ముకి ఎడమవైపు తోలుకి జానెడు దూరంలో మైకుని పెట్టారు. బంగారయ్య కుడివైపు ఒక్క దెబ్బ వేశాడు, చంటిపిల్లని జోకొట్టినంత మెల్లిగా. అలమారలో ఇత్తడి గ్లాసులు కదిలాయి. దేముడి గుండె మీద ఎవరో అరచెయ్యి ఆనించినట్టయింది. బంగారయ్య భార్య చిన్నమ్మలు వంటింట్లోంచి వచ్చి, ఇల్లుంచుతారా ఉంచరా అని అడిగి, ఇద్దరికీ చెరో గ్లాసుడు టీ ఇచ్చి వెళ్లింది.

ఆ రోజు దేముడు తన హలోకి కూడా మార్కు వేసుకున్నాడు. నూటికి నాలుగు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

సంబరం వారంలో పడుతుందనగా కమిటీ మైకుని పరీక్ష చేస్తానంది. గుడి మండపంలో కూర్చున్నారు. ప్రెసిడెంటు సూర్యనారాయణమూర్తి గారు బెల్లం వ్యాపారి. దిమ్మ అంచు గిల్లి నాలుక మీద వేసుకుని అది ఏ ఊరి పాకమో చెప్పగలరు. ఆ విద్యలో ఆయనకి సాటి లేరు, ఒప్పుకోవాలి. చిక్కేమిటంటే లోకంలో దేన్నైనా నాలుక మీదే తేల్చవచ్చని ఆయన నమ్మకం. దొడ్లో ఆవు ఈనితే మొదటి జున్ను ఎప్పుడూ గుడికే పంపే మనిషి, దేముడు దాన్నీ మరిచిపోలేదు. అయితే జున్ను పంపినంత మాత్రాన మైకు గురించి తెలియాలని లేదు.

ఆయన మేనల్లుడు సాయిశ్రీనివాస్. మేడ మీద గది గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటించి స్టూడియో అని బోర్డు పెట్టాడు. మెడలో హెడ్‌ఫోను అన్నం తినేటప్పుడు కూడా తియ్యడు. పుట్టినరోజు పాటలు రికార్డు చేసి పెడతాడు. ఆ రోజు అతను బంగారు రంగు మైకొకటి తెచ్చాడు. సాలెగూడు లాంటి చట్రంలో వేలాడుతూ ధగధగలాడుతోంది. పాడేవాళ్ల ఊపిరి కూడా పట్టేస్తుందని చెప్పాడు. డ్రమ్ముకి ఊపిరెక్కడుందని దేముడు అడగబోయి మానుకున్నాడు.

ముందు నల్లదాన్ని సూర్యనారాయణమూర్తి గారి చేతికిచ్చారు. నెత్తి మీద రెండు దెబ్బలు. గొంతు సవరింపు. హలో. గాదెలోంచి మూలుగు. మండపమంతా నవ్వింది. కమిటీలో ఒకాయన ఇంకా ఘనుడు, హలోతో తృప్తి పడక వన్ టూ త్రీ కూడా అన్నాడు. నాలుగు అనే సరికి ఆయనకే విసుగొచ్చింది. తరవాత బంగారుదాన్ని ప్రెసిడెంటు గారికిచ్చారు. హలో అన్నారో లేదో, పూజారి ఇచ్చే తీర్థంలా చల్లగా, స్వచ్ఛంగా వచ్చింది. ప్రెసిడెంటు గారు తన హలోకి తనే మురిసిపోయి ఇంకో రెండుసార్లు అన్నారు.

డ్రమ్ము ముందు పెట్టి చూద్దామని దేముడు నెమ్మదిగా అన్నాడు. డ్రమ్ము అక్కడే ఉంది, పదడుగుల దూరంలో, గుడ్డ కప్పుకుని. బంగారయ్య లేచాడు కూడా.

"డ్రమ్మెందుకయ్యా మధ్యాహ్నం పూట. హలో వస్తే అన్నీ వస్తాయి," అన్నాడు సాయిశ్రీనివాస్.

కమిటీ తలలూపింది. పెళ్లికూతుర్ని చూడకుండా మేనత్తని చూసి పెళ్లి ఖాయం చేసినట్టుగా, డ్రమ్ముకి మైకు ఖాయమైంది. దేముడు తన నల్లదాన్ని తువ్వాలులో చుట్టుకుని వ్యాను ఎక్కాడు. దారిలో ఒక్కొక్కరికీ మార్కులు వేసుకున్నాడు. అన్నీ కలిపినా నూరు కాలేదు.

సంబరానికి ముందురోజు తొలేళ్లు. సాయంత్రం అమ్మవారిని గుడి చుట్టూ మూడుసార్లు తిప్పుతారు. భుజం వల్ల బంగారయ్య డ్రమ్ము మెడకి తగిలించుకోలేడు గనక, దాన్ని దేముడి వ్యాను మీదే పెట్టారు. ముందు బంగారు మైకు. దానికి ప్రెసిడెంటు గారు స్వయంగా బంతిపూల దండ వేశారు. బంగారయ్య మొదటి దెబ్బ వేశాడు. స్పీకర్లలోంచి అట్టపెట్టె కింద పడ్డ చప్పుడు వచ్చింది. రెండో దెబ్బకి గరగరమంది. చెవిలో గుసగుసలాడితే వినడానికి చేసినదాని ముందు పెద్ద దెబ్బ పడితే అది ఉక్కిరిబిక్కిరి కాక ఏం చేస్తుంది. సరే, దెబ్బ వినబడలేదు గాని మిగతావన్నీ వినబడ్డాయి. ఐస్‌క్రీం బండివాడి గంట వినబడింది. ఎవరో ఒకామె తన తోటికోడలు చీర గురించి చెప్పింది వీధంతా విన్నది. ఆ తరవాత, వ్యాను పక్కన నిలబడి ప్రెసిడెంటు గారు కమిటీ మనిషి చెవిలో చెప్పినది కూడా అన్ని స్పీకర్లలోంచీ తీర్థంలా స్వచ్ఛంగా వచ్చింది.

"బంగారిగాడి పనైపోయిందయ్యా. ఆ పేడ్ వాడికి కబురెట్టు."

బంగారయ్య చేతిలో పుల్ల ఒక్క దెబ్బ కూడా తప్పలేదు. అదొక్కటే దేముడు చూశాడు. తల తిప్పకుండా, మూడో చుట్టు పూర్తయ్యేదాకా, ఎవరికీ వినబడని ఆ దెబ్బల్ని సరిగ్గా వేళకి వేస్తూనే ఉన్నాడు. చిన్నమ్మలు జనంలోంచి వచ్చి వ్యాను పక్కనే నడిచింది, భర్తని చూడకుండా, అమ్మవారినే చూస్తూ.

తన గుసగుస వీధంతా విన్నదని తెలిశాక సూర్యనారాయణమూర్తి గారు కాస్త కంగారు పడ్డారు. ఆ కంగారుని కోపం చేసుకున్నారు. మైకు మంచిదే, డ్రమ్ము పాతది, అని ప్రకటించారు. రేపు ఊరేగింపులో ఆఖరి ఘటం దాకా దెబ్బ వెళ్తే సరి, లేకపోతే బంగారయ్యకి అదే ఆఖరి సంబరం. మేనల్లుడు మెడలో హెడ్‌ఫోను సర్దుకుని, తోలు బిగింపు తేడాగా ఉందన్నాడు. ఆ తోలు బిగించింది ఎవరో, ఎలాగో అతనికి తెలియదు. తెలియకపోవడం అతనికి ఎన్నడూ అడ్డం రాలేదు.

సంబరం నాడు తెల్లవారగానే దేముడు తలస్నానం చేసి గుడికి వెళ్లాడు. జనం ఇంకా రాలేదు. పసుపు రాసిన గడప మీద తల ఆనించి చెప్పుకున్నాడు.

"నోటితో అబద్దమాడను తల్లీ. ఏలితో ఒక్కటి ఆడతాను, సెమించు."

అక్కడి నుంచి నేరుగా వ్యాను దగ్గరికి వచ్చాడు. తువ్వాలులోంచి నల్లదాన్ని తీసి, డ్రమ్ము ఎడమ తోలుకి జానెడు దూరంలో, కిందుగా బిగించాడు. కనబడకుండా కప్పడానికి గుడ్డ అడిగితే చిన్నమ్మలు తన పాత నేత చీర తెచ్చి ఇచ్చింది. అది చిన్నప్పుడు పిల్లలకి ఉయ్యాల కట్టిన చీర. బంగారు మైకు మాత్రం ఎక్కడిదక్కడే, దండతో సహా, డ్రమ్ము ముందు మెరుస్తూ నిలబడింది. దానికీ వైరు ఉంది. మిక్సరు మీద నల్లదానికి ఒక మీట, బంగారుదానికి ఒక మీట. హలో అన్నప్పుడు రెండోది పైకి. హలో అయ్యాక రెండోది కిందకి. అదే ఆ వేలితో ఆడే అబద్ధం.

మూడు గంటలకి పల్లకి లేచింది. సూర్యనారాయణమూర్తి గారు పట్టు కండువాతో వ్యాను మెట్టు మీద నిలబడి బంగారు మైకులో హలో అన్నారు. దేముడు రెండో మీట పైకి తోశాడు, స్పీకర్లు ఈల వెయ్యకుండా మొదటిది కొంచెం దించాడు. హలో తీర్థంలా వచ్చింది. భక్తులకి మనవి అని ఏదో చెప్పి ఆయన దిగారు. దేముడి వేళ్లు అటూ ఇటూ కదిలాయి. బంగారయ్య దెబ్బ వేశాడు.

మెల్లిగానే వేశాడు, అతని చెయ్యి అంతకన్నా లేవదు. వీధి అరుగులు అదిరాయి. బెల్లం గోదాముల రేకులు గుమ్మన్నాయి. దెబ్బ చెవిలోకి కాదు, అరికాళ్లలోంచి పైకి వచ్చింది. దేముడు వెనక్కి తిరిగి చూశాడు. స్పీకరు దెబ్బ వెనక దాకా చేరిందో లేదో అక్కడి నుంచి వినడానికి వీల్లేదు, చూడాలి. నలభై ఘటాలూ ఒక్కసారి లేచి ఒక్కసారి దిగుతున్నాయి. ఆఖరి ఘటం కూడా. అది ప్రెసిడెంటు గారి భార్య వరహాలక్ష్మమ్మది. ఆమెది అందరికన్నా వెనక నడిచే మొక్కు. మోకాళ్ల నొప్పులతో ఏటా అలాగే నడుస్తుంది.

సగం దారిలో సాయిశ్రీనివాస్ వ్యాను ఎక్కాడు. దేముడు మీటల మీంచి చెయ్యి తీసేశాడు. ఆ కుర్రాడు మిక్సరు మీదకి వంగి చూశాడు. తన బంగారు మైకు మీట అట్టడుగున పడుకుని ఉంది, పక్క మీట నిలువునా పైకి ఉంది. కాస్త పని తెలిసినవాడెవడైనా ఒక్క చూపులో పట్టేస్తాడు. సాయిశ్రీనివాస్ చాలాసేపు చూశాడు. అర్థమయినట్టు తలూపాడు. మెడలో హెడ్‌ఫోను తీసి మిక్సరుకి తగిలించి, కళ్లు మూసుకుని నాలుగు దెబ్బలు విన్నాడు.

"చూశారా, నా మైకు క్లారిటీ," అన్నాడు.

"సూత్తన్నాను బాబూ," అన్నాడు దేముడు. నోటితో అబద్ధమాడనన్న మాట నిలుపుకున్నాడు.

దారిలో ప్రెసిడెంటు గారు ఇంకో మూడుసార్లు మెట్టెక్కారు. మూడుసార్లూ హలో అన్నారు, మూడుసార్లూ దేముడి వేళ్లు మీటల మీద కదిలాయి. అంతకుముందే అందరూ తన గొంతు విన్నారన్న నమ్మకం ఆయనకి ఎప్పుడూ కుదరదు. నిరుడు ఘటాలు తగిలిన మలుపు వచ్చినప్పుడు మాత్రం బంగారయ్య దెబ్బని కాస్త నిదానించాడు. వెనక ఘటాలన్నీ నిదానించాయి. ఒక్క చుక్క ఒలక్కుండా మలుపు తిరిగాయి. దాన్ని మెచ్చుకోవాలని ఎవరికీ తోచలేదు, ఎందుకంటే ఏమీ జరగలేదు. ఏమీ జరగకుండా చూసే వాళ్ల సంగతి ఎప్పుడూ అంతే.

గుడికి తిరిగి వచ్చాక సూర్యనారాయణమూర్తి గారు బంగారు మైకు ముందు నిలబడి, డ్రమ్ముకి ఎలాంటి మైకు పెట్టాలో తాను మొదటి రోజే చెప్పానని చెప్పారు. వచ్చే ఏడు అలాంటిదే ఇంకొకటి కొంటామన్నారు. చప్పట్లు కొట్టారు. ఆ ఊపులో, వచ్చే సంబరానికి కూడా డ్రమ్ము బంగారయ్య గారే వాయిస్తారని అనేశారు. నిన్న అదే మైకులోంచి బంగారిగాడు అని వచ్చింది. ఈరోజు బంగారయ్య గారు అని వచ్చింది. రెండూ అంతే స్వచ్ఛంగా వచ్చాయి. దాంట్లో మైకు తప్పేమీ లేదు.

బంగారయ్య పుల్ల కింద పెట్టి, కుడి భుజాన్ని ఎడమ చేత్తో ఒత్తుకుంటూ కూర్చున్నాడు. చిన్నమ్మలు మజ్జిగ తెచ్చి ముందు దేముడికి ఇచ్చింది.

జనం పలచబడ్డాక వరహాలక్ష్మమ్మ వ్యాను దగ్గరికి వచ్చింది. ఘటం దించి వచ్చినట్టుంది, జుట్టంతా పసుపు నీళ్లు. చేతిలో కుంకం భరిణె. దేముడు లేచి నిలబడ్డాడు.

"మా ఆయన హలో అన్నప్పుడల్లా డ్రమ్ము కొంచెం సన్నబడింది దేముడూ," అంది. "ముందున్నోళ్లకి తెలీదు. ఎనక నడిసినోళ్లకి తెలుస్తాది."

దేముడు తల వంచుకున్నాడు. ఆమె డ్రమ్ము పక్కన వేలాడుతున్న నేత చీర వైపు ఒకసారి చూసి, భరిణె అతని చేతిలో పెట్టింది.

"ఆ చీర కింద ఏటుందో నేనడగను. ఆ దండ మెరిసేదానికి ఎలాగూ ఏసేరు. బొట్టు మట్టుకు దీనికి పెట్టు."

ఆమె మోకాళ్లు పట్టుకుంటూ గుడి మెట్లెక్కి వెళ్లిపోయింది. దేముడు చీర తొలగించి, నల్లదాని నెత్తి మీద కుంకం బొట్టు పెట్టాడు. బిగింపు విప్పాక, వైరు తీసే ముందు చెయ్యి అలవాటు కొద్దీ దాన్ని నోటి దగ్గరికి తీసుకుపోయింది. బంగారయ్య మజ్జిగ గ్లాసు మీంచి చూస్తున్నాడు.

దేముడు దాన్ని దించి తోలు దగ్గర పట్టుకుని, డ్రమ్ము మీద వేలి గణుపుతో ఒక్కసారి మెల్లిగా తట్టాడు. ఖాళీ అవుతున్న వీధి చివర ఇంటికి వెళ్తున్న ఆడవాళ్లు, నెత్తిన ఘటాలు లేకపోయినా, ఆ ఒక్క దెబ్బకి అడుగు మార్చుకున్నారు.